అద్దం కింద తుప్పు: పల్నాటి పాత బండ్ల మరమ్మతు సంగతులు

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు పదిహేనేళ్లు దాటిన ఇంటి బండి ఏది కనిపించినా, ముందు అద్దం కింది మూలల్లో ఒకసారి వేలితో నొక్కి చూడండి. చాలా వాటిలో రంగు కాస్త ఉబ్బి ఉంటుంది, లేదంటే నల్ల రబ్బరు వెంట గోధుమరంగు చార దిగి ఉంటుంది. టైర్ల గురించి, క్లచ్ ప్లేటు గురించి గంటలు మాట్లాడే యజమానిని ఈ మరక సంగతి అడిగితే "ఏముందిలే, కాస్త లప్పం పెట్టిస్తే పోద్ది" అంటాడు. లప్పం పెడితే పోతుందా, పోకపోతే ఏం చేయాలి, ఎంతవరకు చేయించడం దండగ కాదు? ఈ మూడింటికీ వర్క్‌షాపుల్లో వినిపించే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. అన్నీ విని, చూసి, బేరీజు వేసుకున్నాక నాకు నమ్మకం కుదిరింది ఒక్క విషయంలోనే. అద్దం దించకుండా చేసిన తుప్పు పని రంగు పనే తప్ప మరమ్మతు కాదు.

ముందు బండ్ల సంగతి. మారుతి 800 తయారీ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగింది. ఓమ్ని 1984 నుంచి, టాటా సుమో 1994 నుంచి 2019 దాకా వచ్చాయి. అంబాసిడర్ చేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో మూతపడింది. 2000లో వచ్చిన బొలెరో మాత్రం ఇంకా వస్తూనే ఉంది. పల్నాటి ఇళ్లలో మిగిలిన పాత బండ్లు ఎక్కువగా ఈ జాతివే. పెళ్లిళ్లకు, గుంటూరు ఆసుపత్రులకు, కోటప్పకొండ తిరునాళ్లకు తిరిగినవే, అవసరం పడితే రెండు మిర్చి టిక్కీలు వెనక వేసుకుని యార్డుకు పోయినవే. ఇంజను ఇంకా నడుస్తుంది, విడిభాగాలు దొరుకుతాయి, అమ్మితే చేతికొచ్చేదేమీ లేదు. అందుకని ఉంచుకుంటారు. అలా ఉంచుకున్న బండిని ముందుగా ఓడించేది ఇంజను కాదు, రేకు.

నిజానికి పల్నాడు తుప్పుకు పేరుమోసిన సీమ కాదు. మాచర్ల నుంచి సముద్రం వంద కిలోమీటర్ల పైమాటే. మచిలీపట్నంలోనో విశాఖలోనో బండి ఉప్పుగాలికి ఒళ్లంతా తుప్పు పడుతుంది. తలుపు అంచులు, చక్రాల పైరేకులు, బానెట్టు మడతలు, అన్నిచోట్లా ఒకేసారి మొదలవుతుంది. మన వైపు బండి ఒళ్లంతా శుభ్రంగానే ఉండి, అద్దం చుట్టూ మాత్రం పుచ్చిపోతుంది. చాలామందిని పొరపాటు పట్టించేది ఇదే. మిగతా రేకు నిగనిగలాడుతుంటే మూలనున్న బొబ్బను ఎవరు పట్టించుకుంటారు?

కారణం ఎండ దగ్గర మొదలవుతుంది. రెంటచింతల పేరు వార్తల్లో వినకుండా మన రాష్ట్రంలో వేసవి గడవదు. 45 డిగ్రీలు దాటే ఆ ఎండల్లో ఏడాది తర్వాత ఏడాది నిలబడిన బండికి ముందుగా చచ్చేది అద్దం చుట్టూ ఉండే బీడింగు రబ్బరు. ఎండకు అది గట్టిపడుతుంది, కురచబడుతుంది, మూలల దగ్గర రేకును వదిలేసి పైకి లేస్తుంది. వేలు దూరనంత సందే అయినా నీటి చుక్కకు అది చాలు. పైగా మనకు వాన రెండు విడతలు. నైరుతి పోయాక అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు పట్టుకుంటాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటివి వచ్చినప్పుడు రోజుల తరబడి ముసురే. వేసవి తెరిచిపెట్టిన సందులోకి ఆ నీళ్లు దిగుతాయి. పైన రబ్బరు కప్పి ఉంటుంది కాబట్టి ఆరవు.

ఇక్కడ ఇనుము గుణం ఒకటి తెలుసుకోవాలి. తడిసిన రేకులో కొంత భాగానికి గాలి బాగా తగిలి, కొంత భాగానికి తగలకపోతే, తినుకుపోయేది గాలి అందని భాగమే. బయట కనబడే అంచు బాగానే ఉండి, రబ్బరు కింద ఊపిరాడని మడత కరిగిపోతుంటుంది. తుప్పుగా మారిన ఇనుము మొదటి దానికంటే కనీసం రెండింతల చోటు అడుగుతుంది. ఆ చోటు కోసం రబ్బరును ఇంకాస్త పైకి నెడుతుంది, రంగును లేపుతుంది, మరికొన్ని నీళ్లకు దారి ఇస్తుంది. ఒకసారి మొదలయ్యాక దానంతట అది ఆగకపోవడానికి కారణం ఇదే.

దీనికి మన అలవాట్లు తోడు. వేపచెట్టు నీడన బండి పెట్టడం ఎండ నుంచి కాపాడుకోవడానికే. కానీ చైత్రంలో రాలే వేపపూత, ఆకులు, పుల్లలు వైపర్ల కింది జాలీలోంచి దిగి, నీళ్లు బయటికి పోయే రంధ్రాలను మూసేస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో అవే నీళ్లతో రోజూ బండి కడిగితే, ఆవిరైన ప్రతిసారీ సందులో కాస్త ఉప్పు మిగులుతుంది. సముద్రం లేని చోటికి సముద్రాన్ని బకెట్టుతో తెచ్చి పోయడమే అది. దుమ్ము విషయంలో మాత్రం జనం అనుకునేది సగమే నిజం. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు దుమ్ము వల్లే తుప్పు వస్తుందని చెప్పనివాళ్లు లేరు. సున్నానికి ఉన్నది క్షారగుణం. క్షారంలో ఇనుము తుప్పు పట్టదు, స్లాబులో కమ్మీ ఏళ్ల తరబడి నిలిచేది ఆ గుణం వల్లనే. దుమ్ము చేసే చెరుపు వేరు. మంచుకు తడిసి రంగు మీద గట్టిపడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పెడుతుంది, సందుల్లో పేరుకుని తడిని పట్టి ఉంచుతుంది. గాలి తగిలి కాలం గడిచేకొద్దీ దాని క్షారగుణం కూడా పోతుంది, తడి పట్టే గుణం మిగులుతుంది.

అద్దం కూర్చునే చట్రం ఎలా ఉంటుందో చూడకుండా మరమ్మతు గురించి మాట్లాడి లాభం లేదు. రెండు పక్కలా స్తంభాలు, పైన టాపు అంచు, కింద బానెట్టు వెనక అడ్డపట్టీ. ఈ నాలుగూ కలిసేచోట రెండు మూడు రేకుల అంచులను ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగ్ చుక్కలతో కలుపుతారు. అద్దం బిగేది ఆ అతుకు అంచుకే. పొరల మధ్యకు ఫ్యాక్టరీలో కూడా రంగు సరిగా చేరదు. నీళ్లు చేరతాయి. అందుకే తుప్పు ఎక్కువగా కింది రెండు మూలల్లోనే, అదీ పొరల మధ్యలోనే పుడుతుంది. అంబాసిడర్, 800, ఓమ్ని, సుమో లాంటి వాటిలో అద్దాన్ని రబ్బరు బీడింగుతో బిగిస్తారు. తర్వాత వచ్చిన కార్లలో ఎక్కువ భాగం అద్దాన్ని పాలీయురెథేన్ జిగురుతో నేరుగా రేకుకు అతికించినవి. పాత మహీంద్రా జీపుల దారి వేరు. వాటి అద్దం చట్రం విడిగా బోల్టుల మీద నిలబడి, ముందుకు వాలిపోయే రకం. పుచ్చిపోతే మొత్తం విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. మిలిటరీ అవసరానికి పుట్టిన ఆ పద్ధతి ఇంటి బండ్లలోకి రాకపోవడం మన దురదృష్టం.

ఇప్పుడు వర్క్‌షాపుకు వద్దాం. టింకరింగ్ మేస్త్రుల్లో మూడు వర్గాలు కనిపిస్తాయి. మొదటి వర్గం పైపైన గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, లప్పం పెట్టి, రంగు వేసి పొద్దుగూకేలోపు బండి అప్పగిస్తుంది. రెండో వర్గం అద్దం దించి, గ్యాస్ వెల్డింగుతో రేకు అతికి, మళ్లీ బిగిస్తుంది. మూడో వర్గం పుచ్చిన మేర కోసేసి, సీవోటూ వెల్డింగుతో కొత్త ముక్క కలుపుతుంది. ఈ మూడో రకం పనికి చాలామంది గుంటూరుకో విజయవాడ ఆటోనగర్‌కో పోతుంటారు గానీ, చేయి తిరిగిన మేస్త్రి, పనిముట్టు ఉంటే నరసరావుపేటలోనూ అయ్యే పనే. బండి ఎక్కడ పెట్టాం అన్నదానికంటే అద్దం దించారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

లప్పం వర్గాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. అమ్మేయబోయే బండికి, ఇంకో ఏడాది నడిస్తే చాలనుకున్న బండికి అది చౌక మార్గం. కానీ లప్పం అంటే రాతిపొడి కలిసిన రెసిన్. దానికి నీళ్లు పీల్చే గుణం ఉంది. తుప్పు మీద పెట్టిన లప్పం కింద ఉన్న తడిని కప్పి ఉంచుతుంది, రెండో వానాకాలానికి అంతకంత బొబ్బ లేస్తుంది. ఇక రెడ్ ఆక్సైడ్ మీద ఉన్న నమ్మకం పాతకాలపు ఆస్తి. ఒకప్పుడు ఇనుముకు పూసిన సీసపు సింధూరం నిజంగానే తుప్పును అడ్డుకునేది. రంగు దగ్గరగా ఉంది కదా అని రెడ్ ఆక్సైడ్‌కు కూడా ఆ పేరు అంటుకుంది. అది ఒక పూత, అంతే. ఒక్కటే వేసి వదిలేస్తే తేమను ఆపలేదు.

లప్పం కంటే నాకు ఎక్కువ భయం సిలికాన్ ట్యూబు. కారుతున్న అద్దానికి హార్డ్‌వేరు షాపులో దొరికే సిలికాన్ తెచ్చి రబ్బరు చుట్టూ పూయడం ఇంటింటి వైద్యం. చౌకరకం సిలికాన్ పిండగానే పుల్లగా వెనిగర్ వాసన వస్తుంది. అది నిజంగా వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. ఆరేటప్పుడు బయటికి వదిలే ఆ ఆమ్లం ఉత్త ఇనుమును తింటుంది. నీళ్లు లోపలికి రాకుండా పూసిన పూతే లోపల ఉన్న నీళ్లను బయటికి పోనివ్వదు, పైగా ఆమ్లం కానుక. అంతటితో అయిపోదు. సిలికాన్ అంటిన రేకు మీద తర్వాత రంగు నిలవదు, జిగురు పట్టదు. ఎంత తుడిచినా కంటికి కనిపించని పొర మిగిలి, రంగు కొట్టగానే అక్కడక్కడ కళ్లు తెరుచుకుంటుంది. అందుకే అనుభవమున్న పెయింటరు బండిని చూడగానే మొదట అడిగేది "సిలికాన్ పెట్టారా?" అని. తప్పనిసరి అయితే వాసన లేని న్యూట్రల్ రకం వాడాలి, లేదంటే ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యుటైల్ సీలెంట్ వాడాలి.

అద్దం దింపడం చూడనివాళ్ల కోసం చెబుతాను. వైపర్లు, కింది జాలీ విప్పేశాక మేస్త్రి లోపల కూర్చుని మొండి స్క్రూడ్రైవరుతో రబ్బరు పెదవిని ఒక మూల నుంచి అంచు మీదికి ఎత్తుకుంటూ వస్తాడు. బయట ఇద్దరు అరచేతులు ఆనించి నిలబడతారు. పై మూల వదులయ్యాక లోపలి నుంచి పాదంతోనో అరచేత్తోనో మెల్లగా నెడతారు. అద్దం రబ్బరుతో సహా బయటికి వస్తుంది. రబ్బరు మరీ ఎండిపోయి ఉంటే పెదవిని ఎత్తే తిప్పలు పడకుండా బ్లేడుతో కోసేస్తారు, అదే మంచిది కూడా. కొత్త బీడింగు ఎలాగూ తప్పదు, పాతదాన్ని కాపాడబోయి అద్దం పగలగొట్టుకోవడం ఎందుకు? ఇక కనిపించేది చూడాలి. కింది అంచు వెంట నల్లటి బురద, అందులో కుళ్లిన వేపపూత, చీమలు మోసుకొచ్చిన మన్ను. బురద తుడిచేస్తే ఎర్రటి పెచ్చులు. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే పెచ్చు ఊడుతుంది, దాని కింద ఇంకో పెచ్చు. మూలలో రెండు రేకుల మధ్య తుప్పు పెరిగి పై రేకు అప్పడంలా పొంగి ఉంటుంది. "చూశారా అండీ, పైన దమ్మిడీ అంత మరక, కింద జానెడు లేదు" అంటాడు మేస్త్రి. "సరే భాయ్, కానీయండి" అనడం తప్ప మనం చేసేదేమీ ఉండదు.

పొడిచినప్పుడు మొన ఆగిందా దిగిందా అన్నదాన్ని బట్టి పని తేలుతుంది. రంగు కింద ఎర్రదనం మాత్రమే ఉండి రేకు గట్టిగా ఉంటే వైర్ బ్రష్, గరుకు కాగితంతో తెల్లటి ఇనుము కనబడేదాకా గీకి పూత వేస్తే చాలు. రేకు గుంటలు పడినా నిలిచి ఉంటే తుప్పును మార్చే ద్రావణాలు పనికొస్తాయి. వీటిలో రెండు రకాలు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నవి తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తాయి, ట్యానిక్ ఆమ్లం ఉన్నవి నల్లటి గట్టి పొరగా మారుస్తాయి. వీటి మీద ప్రచారం ఎక్కువ. గుంట అడుగున పలచగా మిగిలిన తుప్పుకు బాగానే పనిచేస్తాయి. పెచ్చుల మీద పోస్తే పై పెచ్చు మారుతుంది, లోపలిది అలాగే ఉంటుంది. గీకాల్సినంత గీకకుండా ద్రావణాన్ని నమ్ముకోవడం లప్పానికి ఇంకో రూపం. ఫాస్ఫారిక్ రకం వాడితే మిగిలిన ఆమ్లాన్ని డబ్బా మీద రాసినట్టు తుడిచి, కడిగి, ఆరబెట్టి ఆ తర్వాతే ప్రైమర్ వేయాలి. ఈ మెట్టు దగ్గర తొందరపడే షాపులే ఎక్కువ.

మొన దిగిందంటే కోయాల్సిందే. ఇక్కడే గ్యాస్, సీవోటూ తగాదా. పాత మేస్త్రులు గ్యాస్ వెల్డింగును సమర్థించడం ఊరికే కాదు. దాని అతుకు మెత్తగా ఉండి సుత్తితో సాగుతుంది, ఆకారం తీసుకుంటుంది. చేతిపని తెలిసినవాడు గ్యాస్ మంటతో చేసిన అంబాసిడర్ పనులు ఇప్పటికీ చెక్కుచెదరనివి ఉన్నాయి. చిక్కల్లా వేడితో. మంట చుట్టుపక్కల చాలామేర రేకును కాలుస్తుంది, అద్దం అంచు వంకరపోతుంది. వంకరపోయిన చట్రంలో కూర్చోబెట్టిన అద్దం కొద్దిరోజులకు మూల దగ్గర దానంతటదే చిట్లుతుంది. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనపడదు. స్తంభం లోపల బోలుగా ఉంటుంది కదా, మంట తగిలిన చోట లోపలి వైపు ఉన్న ఫ్యాక్టరీ పూత కాలిపోతుంది. మళ్లీ చేయి పెట్టి పూయడానికి వీల్లేని చోటు అది. బయట చక్కగా రంగు వేసిన అతుకు ఈసారి లోపలి నుంచి పుచ్చుతుంది. ఇత్తడితో అతికే పద్ధతిలో వేడి కొంత తక్కువ, కానీ వాడిన వెలిగారం అతుకు మీద మిగిలితే తేమను పీల్చుకుంటుంది, వేడినీళ్లతో పూర్తిగా కడగాలి. ఇవన్నీ చూస్తే పలచటి రేకుల బండ్లకు సీవోటూ వెల్డింగే మేలని నా అభిప్రాయం, అదీ ఒకే గీతగా లాగకుండా ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అక్కడ వేస్తూ, చల్లారనిస్తూ చేస్తేనే.

ముక్క ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. 20 గేజి రేకు అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, 22 గేజి 0.7. బండి రేకుకు దగ్గరగా ఉన్నది ఎంచుకోవాలి. గట్టిగా ఉంటుందని మందపు రేకు వేస్తే అంచు మందమెక్కి బీడింగు గాడిలో కూర్చోదు. పుచ్చిన రేకు మీద కొత్త రేకు కప్పి అతకడం అన్నిటికంటే చెడ్డపని, పొరల మధ్య తుప్పును దాచిపెట్టినట్టే. పుచ్చినదాన్ని మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అంచుకు అంచు ఆనించి కలపాలి. రెండు పొరలు తప్పని చోట వాటి మధ్య జింకు ప్రైమర్ పూసి కలపాలి. ఇనుము కంటే ముందు తాను తినుకుపోవడం జింకు గుణం. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ తీసేయడం, డ్యాష్‌బోర్డు విప్పడం, వైరింగు మీద తడి గోనెసంచులు కప్పడం, పక్కన నీళ్ల బకెట్టు ఉంచడం చెప్పనక్కర్లేదు గానీ చెప్పకపోతే చేయరు. ఓమ్నిలో అయితే ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది, పెట్రోలు గొట్టాల సంగతి కూడా చూసుకోవాలి.

వెల్డింగు అయ్యాక వరస ఇది: ఉత్త ఇనుము మీద ఎపాక్సీ ప్రైమర్, దాని మీద అతుకుల వెంట సీమ్ సీలెంట్, లప్పం అవసరమైతే ఎపాక్సీ మీద పలచగా, ఆపైన రంగు. చివరగా స్తంభాల్లోకి, అడ్డపట్టీ లోపలికి సన్నటి గొట్టంతో మైనపు నూనె చిమ్మాలి. గ్యాస్ మంట కాల్చిన లోపలి పూతకు మిగిలిన పరిహారం ఇదొక్కటే. మన షాపుల్లో ఎక్కువగా ఎగిరిపోయే మెట్టు కూడా ఇదే, కనపడని పనికి డబ్బులివ్వడం యజమానికి ఇష్టముండదు, అడగడం మేస్త్రికి మొహమాటం.

కాలం కూడా చూసుకోవాలి. అందరూ సంక్రాంతికి బండి కావాలని డిసెంబరులో షాపుల మీద పడతారు, తేమ ఇంకా పోనే పోదు. ముసురులో కొట్టిన రంగు తెల్లగా మసకబారుతుంది. మేలో మిట్టమధ్యాహ్నం కొడితే థిన్నరు గాలిలోనే ఆరిపోయి రంగు గరుగ్గా పడుతుంది. సంక్రాంతి దాటి శివరాత్రి లోపు చేయించుకోవడం మంచిది. రంధ్రాలను శుభ్రం చేసుకోవడానికి మాత్రం వేపపూత రాలిపోయాక ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి సమయం చూసుకోవాలి.

అద్దం తిరిగి ఎక్కించడంలో ఒక తాడు చిట్కా ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. కొత్త బీడింగును అద్దం చుట్టూ తొడిగి, బయటి గాడిలో నూలు తాడును చుట్టూ తిప్పి, రెండు కొసలు కింద మధ్యలో కలిసేలా లోపలికి వదులుతారు. గాడికి సబ్బునీళ్లు రాస్తారు. బయటివాడు అద్దాన్ని చట్రానికి ఆనించి అరచేత్తో కొడుతుంటే, లోపలివాడు తాడును మెల్లగా లాగుతాడు. తాడు వెంటే రబ్బరు పెదవి రేకు అంచును దాటుకుని లోపలికి మడత పడుతుంది. చుట్టూ తాడు బయటికి వచ్చేసరికి అద్దం కూర్చుంటుంది. సబ్బునీళ్లను తర్వాత మంచినీళ్లతో కడగడం మర్చిపోకూడదు. బీడింగు దగ్గర పీనాసితనం పనికిరాదు. ఎండను తట్టుకునే ఈపీడీఎం రబ్బరుకు, షాపులో చూడటానికి అలాగే నల్లగా ఉండే నాసిరకానికి తేడా రెండు వేసవుల్లో తెలిసిపోతుంది. అద్దం కూడా మార్చాల్సి వస్తే లామినేటెడ్‌దే వేయించాలి. మోటారు వాహన నిబంధనలు ముందు అద్దానికి కోరేది దాన్నే. పాత బండ్లలో కొన్నింటికి ఉండే టఫెన్డ్ అద్దం రాయి తగిలితే మొత్తం పొడిపొడిగా రాలి, దారి కనిపించకుండా చేస్తుంది.

జిగురు అద్దాల కార్లలో పని ఇంకాస్త సున్నితం. సన్నటి తీగను జిగురులోకి గుచ్చి, రెండువైపులా లాగుతూ కోసి అద్దం దించుతారు. మళ్లీ అతికించేటప్పుడు జిగురు తుప్పు మీద పడితే అది పట్టుకున్నది తుప్పునే, రేకును కాదు. ఆ కార్లలో అద్దం కూడా ఒంట్లో భాగం. బండి పల్టీ కొడితే టాపు అణగకుండా కొంత బలం అద్దం ఇస్తుంది, కొన్నింటిలో ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు ఆనుకునేది దానికే. అంచు పుచ్చిన కారులో ఆ లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి, ఒకే ట్యూబులో వచ్చే ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. మన ఏప్రిల్ వడగాలిలో తేమ తక్కువ, కాబట్టి ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. వేడికి తొందరగా ఆరుతుందనుకుని సాయంత్రమే మాచర్ల రోడ్డెక్కేవాళ్లకు ఇది తెలియదు.

ఇతర దేశాల్లో ఈ జబ్బును చూసే తీరు గట్టిగా ఉంటుంది. మిషిగన్‌లోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలు చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు గురించి చెబుతారు, అక్కడ తుప్పు కింది నుంచి పైకి ఎక్కుతుంది. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంవోటీ పరీక్షలో సీటుబెల్టు, స్టీరింగు, సస్పెన్షన్ బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపు రేకు బలం పోయేంత తుప్పు ఉంటే బండి తప్పినట్టే. లప్పంతో కప్పినా ఒప్పుకోరు. కార్లు చేసేవాళ్లు కూడా నేర్చుకున్నారు. పోర్షె 911కు 1970ల మధ్యలోనే జింకు పూత రేకు వచ్చింది. మన చౌక బండ్ల దాకా ఆ పూత చేరడానికి దశాబ్దాలు పట్టింది.

మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము కార్లకు 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. 2021లో వచ్చిన తుక్కు విధానం ఉద్దేశం కూడా అదే, పాతబండి ఉంచుకోవడం ఖరీదైన వ్యవహారం కావాలి. తనిఖీలో అద్దం పగిలిందా, వైపరు ఆడుతుందా చూస్తారు, బీడింగు ఎత్తి చూడరు. అందుకే రుసుము కట్టడానికి ముందే యజమాని తన ఖర్చుతో ఆ పని చేసుకోవాలి. చట్రం లోపల ఏముందో తెలియకుండా మరో ఐదేళ్లకు పదివేలు కట్టడం గుడ్డిబేరం. బీమా మీద ఆశ వద్దు. అరుగుదల కింద వచ్చే తుప్పుకు సాధారణ పాలసీ పైసా ఇవ్వదు. ప్రమాదంలో అద్దం పగిలితే గాజుకు తరుగుదల కోయరు, రబ్బరు, ప్లాస్టిక్‌కు సగం కోస్తారు.

ఎక్కడ ఆగాలి? కింది మూలలు, అడ్డపట్టీ వరకే పుచ్చితే చేయించుకోవచ్చు. ఓమ్ని, సుమో, బొలెరో అయితే తప్పకుండా, వాటితో ఇంకా పని ఉంది. స్తంభం కింది భాగంలో, తలుపు కీలు బిగించిన చోట మొన దిగితే నేను వద్దనే అంటాను. అక్కడ నుంచి పని నేలరేకుకు, కింది పట్టీకి పాకుతుంది. సుమో రకంలో కింద ఛాసిస్ వేరుగా ఉంటుంది కాబట్టి కొంత గడువు ఉంటుంది. 800, ఓమ్ని లాంటి వాటిలో ఒళ్లే చట్రం, అది పోతే మిగిలేది లేదు. తాతగారి అంబాసిడర్ విషయం వేరు. దాన్ని లెక్కలు వేసి ఉంచుకోరు, వేయమని చెప్పను.

పాతబండి కొనేవాళ్లకు గుడ్డముక్కలో చుట్టిన అయస్కాంతం ఒకటి చాలు. అద్దం కింది మూలల మీద జార్చుకుంటూ పోతే పట్టు వదిలినచోట లప్పం ఉన్నట్టే. కాళ్ల కింది పట్టా ఎత్తి వాసన చూడాలి, ఫ్యూజుల పెట్టె చుట్టూ తెల్లటి బూజు ఉందేమో చూడాలి. చేయించుకున్నవాళ్లు మాత్రం పని మధ్యలో వెళ్లి ఫోనుతో మూడు ఫొటోలు తీసుకోండి: అద్దం దించగానే ఒకటి, కోసి తెల్ల ఇనుము తేలాక ఒకటి, ప్రైమర్ పడ్డాక ఒకటి. అమ్మేటప్పుడు ఎదుటివాడు అయస్కాంతం తీసి మూలలు తడుముతుంటే, ఫోను చేతిలో పెట్టి చూసుకోమనండి, ధర మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు.